వాగు నీటి మీద పరుగెత్తే పురుగులు

వీడియోలో వాగు నీటి మీద సర్రున జారుతున్నవి సాలీళ్లు కావండి, నల్లి జాతి పురుగులు. ఆరే కాళ్లుంటాయి. కాళ్ల మీది సన్నని నూగు తడవదు, అందుకే మునగవు. నీళ్లలో ఏ పురుగు పడినా అల కదలికతోనే పసిగట్టి, పట్టుకుని రసం పీల్చేస్తాయి. గుడ్లు నీటి అంచు మొక్కలకి పెడతాయి. పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. రెక్కలొచ్చినవి వేరే మడుగుకి ఎగిరిపోతాయి.

వీటి చిన్న చుట్టం మైక్రోవీలియా మన వరి మడిలోనే ఉంటుంది. దుబ్బు నుంచి జారిపడే సుడిదోమ పిల్లల్ని గుంపుగా మీదపడి తినేస్తుంది. మడిలో నీళ్లుంటేనే సుమా!

సబ్బు కలిస్తే నీటి పైపొర బిగువు తగ్గి ఇవి మునిగిపోతాయి. మనం వేపనూనెలో కలిపేది కూడా సబ్బే కదా. కొట్టాక స్ప్రేయరు వాగులో కడగకండి, దూరంగా మెట్ట మీద కడగండి.