తొలి ప్రసంగం

నలుగురి ఎదుట నిలువగానే కాళ్ళు వణకడం, గొంతు తడియారడం పండితపామర భేదం లేకుండా కలిగే అనుభవం. దీనినే సభాకంపం అంటారు. ఉపన్యాసకళ అభ్యాసంతో అలవడుతుందని నమ్మిన రాల్ఫ్ స్మెడ్లీ 1924లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటా అనా పట్టణంలో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బును నెలకొల్పాడు. నేడు హైదరాబాదులోనూ అటువంటి క్లబ్బులున్నాయి.

వీటిలో కొత్త సభ్యుని తొలి ప్రసంగానికి ‘ఐస్ బ్రేకర్’ అని పేరు. వ్యవధి నాలుగు నుండి ఆరు నిమిషాలు. విషయం తన జీవితమే. తెలిసిన విషయమే కదా, సులభమని తోస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. పుట్టిన ఊరు, చదివిన బడి, చేసే పని వరుసగా ఏకరువు పెడితే అది ఉద్యోగ దరఖాస్తు అవుతుందే గాని ప్రసంగం కాదు. ఒకటి రెండు ఘట్టాలను ఏరుకొని, తక్కినవి ఎంత ప్రియమైనవైనా విడిచిపెట్టాలి. మన ఆలంకారికులు చెప్పిన ఔచిత్యం ఇక్కడా అవసరమే.

నాలుగవ నిమిషంలో ఆకుపచ్చ, అయిదవ నిమిషంలో పసుపు, ఆరవ నిమిషంలో ఎరుపు సంకేతం చూపుతారు. ‘ఆఁ’, ‘అంటే’ వంటి ఊతపదాలను ఒకరు లెక్కిస్తూ ఉంటారు. ఇది కొత్తవారికి జంకు కలిగించే మాట నిజమే. అయితే ఆ లెక్కించేవారూ ఒకనాడు అదే చోట నిలిచి మాట్లాడినవారే.

ప్రసంగం ముగిశాక మరొక సభ్యుడు రెండు మూడు నిమిషాలలో సమీక్షిస్తాడు. కేవలం మెచ్చుకొంటే అది ముఖస్తుతి. దోషాలే ఎన్నితే కొత్తవాడు మరుసటి సమావేశానికి రాకపోవచ్చు. అందుచేత మంచి సమీక్షకుడు ఒక గుణాన్ని స్పష్టంగా చూపి, ఒక్క లోపాన్ని మాత్రం దిద్దుకొనే దారితో సహా చెబుతాడు, రెండవ ప్రసంగానికి అతడు తిరిగి లేచి నిలబడేటట్లుగా.