వండుకునే ముందే ఫోన్ చేయండి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఇంటి పెద్ద దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండటం కొత్త కాదు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లులూ ఎందరో. వాళ్లు పంపే డబ్బుతో అప్పు తీరుతుంది, ఇంటికి స్లాబు పడుతుంది, పిల్లల ఫీజులు గడుస్తాయి. కానీ కొన్నేళ్లు పోయేసరికి ఆ మనిషి పిల్లలకు ఫోన్‌లో కనిపించే ముఖంగా, పండక్కి వచ్చే బొమ్మగా మిగిలిపోతే కష్టపడ్డ ఫలమేముంది? ఆ పరిస్థితి రాకుండా చూసుకోవచ్చు. రోజూ కాసిన్ని మాటలు, కాస్త ముందుచూపు ఉంటే చాలు.

ముందు గడియారం సంగతి చూడండి. కువైట్, సౌదీ, ఖతర్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. చాలా ఇళ్లలో పిల్లలు తండ్రి గొంతు వినకుండా నిద్రపోవడానికి ఈ తేడానే కారణం. సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగి, బస్సెక్కి క్యాంపుకు చేరి, స్నానానికి వంతు వచ్చేదాకా ఆగి, వండుకు తిని తీరిగ్గా ఫోన్ పట్టుకునేసరికి కువైట్‌లో తొమ్మిది. ఇక్కడ పదకొండున్నర. పొయ్యి కాసేపు ఆగుతుంది, పిల్లలు ఆగలేరు. బస్సులో ఉండగానే ఫోన్ చేయండి. అది కుదరకపోతే పొద్దున్నే చేయండి. ఇక్కడ ఎనిమిదికి పిల్లాడు బడికి తయారవుతుంటే అక్కడ ఐదున్నర, మీరు డ్యూటీకి బయల్దేరే వేళ. ‘టిఫిన్ బాక్సులో ఏం పెట్టింది మీ అమ్మ?’ అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. వారానికోసారి గంటసేపు మాట్లాడటం కన్నా రోజూ రెండు నిమిషాలు ఎంతో మేలు. నిన్న గోళీలాటలో ఎవరు గెలిచారో పిల్లలకు గుర్తుంటుంది, పోయిన ఆదివారం సంగతి గుర్తుండదు.

సెలవు రోజూ చూసుకోవాలి. కువైట్, సౌదీల్లో శుక్రవారం సెలవైతే ఆ రోజు మన పిల్లలు బడిలో ఉంటారు. యూఏఈ ప్రభుత్వం 2022 జనవరి నుంచి వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చింది. అక్కడ ఆదివారం సెలవు దొరికే తండ్రులు ఆ పగటిపూటలో ఒక గంట పిల్లల పేరు మీద రాసేసుకోవాలి.

ఇళ్లలో పనిచేసే తల్లుల కష్టం వేరు. యజమాని ఇల్లు సద్దుమణిగాక గానీ ఫోన్ చేతికి రాదు. అప్పటికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. అలాంటప్పుడు కాల్ కోసం పట్టుబట్టొద్దు. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపండి. పొద్దున్న జడ వేసుకుంటూ అమ్మ మాట వినే పిల్లకు ఆ రోజంతా ధైర్యమే. పిల్ల కూడా తన గొంతు పంపుతుంది. అమ్మమ్మలూ నాయనమ్మలూ, ఈ ఒక్క బాధ్యత మీరు తీసుకోండి.

ఏం మాట్లాడాలి? ‘మార్కులెన్ని?’ అని మొదలుపెడితే పిల్లలు ఫోన్ అమ్మకిచ్చి పారిపోతారు. మీ పని గురించి చెప్పండి. ఏ అంతస్తు మీద పనిచేస్తున్నారో, గదిలో ఎవరెవరున్నారో, ఎవరి వంతు వంటో చెప్పండి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉందని చెబితే, అక్కడి ఎండ ఎంతటిదో పిల్లాడికే అర్థమవుతుంది. కష్టమంతా దాచి చాక్లెట్లూ సెల్‌ఫోన్ల గురించే చెబితే ‘నాకేం తెస్తావ్?’ అనే అడుగుతారు. తప్పు వాళ్లది కాదు.

ఇంట్లో ఉన్నవారికీ ఒక మాట. ‘ఉండు, బాపుకు చెప్తా’ అని బెదిరించడం మానండి. రోజూ నేరాల చిట్టా వినిపించుకునే తండ్రికి తిట్టే పనే మిగులుతుంది, పిల్లలకు ఆ ఫోనంటేనే భయం పుడుతుంది. దానికి బదులు సలహా అడగండి. ఏ బడిలో చేర్పించాలి, అమ్మాయికి సైకిల్ కొనాలా, బోరు వేయించాలా అన్నవి ఆయనతో మాట్లాడి తేల్చండి, ఆ మాట పిల్లల ముందే అనండి. డబ్బు లెక్కల మీద వాదన వస్తే మాత్రం స్పీకర్ ఆపేసి, పిల్లలు లేనప్పుడు మాట్లాడుకోండి. ఉమ్మడి కుటుంబాల్లో ఫోన్ అందరి చేతులూ తిరిగి భార్య దగ్గరికి వచ్చేసరికి బ్యాలెన్సో, సమయమో అయిపోతుంది. భార్యాభర్తలకు వేరేగా ఒక కాల్ ఉండాలి. పెద్దలు దీన్ని చిన్నబుచ్చుకోకూడదు.

రెండేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు చిన్నపిల్ల నాయనమ్మ కొంగు చాటున దాక్కుంటే నొచ్చుకోకండి, బలవంతంగా ఎత్తుకోకండి. మొదటి వారం క్రమశిక్షణ జోలికి పోవద్దు. చుట్టాల విందులు కొన్ని తగ్గించుకుని బడి దగ్గర దింపడం, చెరువు గట్టు దాకా నడవడం లాంటి మామూలు పనులు కలిసి చేయండి. ఆ ఇంటికి ఇన్నాళ్లుగా ఒక పద్ధతి ఏర్పడి ఉంటుంది. దాన్ని వచ్చీరాగానే మార్చబోకండి.

తిరుగు ప్రయాణం నాడు పిల్లలు ఏడుస్తారని వాళ్లు నిద్రలో ఉండగానే శంషాబాద్‌కు బయల్దేరే తండ్రులు, తల్లులు చాలామంది. దయచేసి అలా చేయకండి. లేచేసరికి మనిషి లేకపోతే, మళ్లీ వచ్చినప్పుడు మీ పక్కన నిద్రపోవడానికే పిల్లలు జంకుతారు. మెలకువగా ఉన్నప్పుడే చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఖాయం కాని తేదీ చెప్పి ఆశ పెట్టకండి. మళ్లీ ఫోన్ ఎప్పుడు చేస్తారో చెప్పండి, ఆ వేళకు తప్పక చేయండి.