బొమ్మ కంటే ముందు ఎర్తు చూడు

చిట్యాల

మేనల్లుడికి,

మీ ఆఫీసులో తీసేస్తున్న ప్రొజెక్టర్ దసరాకు ఇంటికి తెస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పావట. ఆ మాట విన్నప్పటి నుంచి మీ అమ్మ హాలు గోడ మీది క్యాలెండర్లన్నీ తీసి పక్కన పెట్టింది. మీ నాన్నకు చూపు ఆనక, మ్యాచ్ నడుస్తుంటే స్కోరెంతని పక్కవాళ్ళను అడుగుతున్నాడు. ఆయనకు పెద్ద బొమ్మ నిజంగా అవసరం. అందుకే అది నాలుగు రోజులు ఆడి అటకెక్కకూడదని ఈ ఉత్తరం రాస్తున్నా. టీవీలు విప్పి బతికినవాణ్ణి గనక చెప్తున్నా బిడ్డా, మన ఊళ్ళో ఇలాంటి యంత్రం ఎన్నాళ్ళు నడుస్తుందనేది కరెంటు మీద, గాలి మీద ఉంటుంది. బొమ్మ సంగతి ఆ తర్వాత.

మొదట ఎర్తు. మీ ఇంట్లో సాకెట్లకు మూడు రంధ్రాలున్నాయి గానీ, పై రంధ్రం వెనక తీగ ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఎర్తు లేని ఇంట్లో సెట్‌టాప్ బాక్సు రేకు ముట్టుకుంటే వేలికి జిల్లుమంటుంది. ఆ కాస్త కరెంటే, అన్నీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు గుచ్చినప్పుడు వైరు వెంట పోయి పోర్టును కాలుస్తుంది. కాబట్టి ప్లగ్గులన్నీ పీకేసి, వైర్లు బిగించి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యి. పెరట్లో గుంత తీసి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు చేయించే పని నేను చూసుకుంటా. మనది రాతి నేల. ఎండాకాలం గుంత ఎండిపోతే ఎర్తు పేరుకే మిగులుతుంది. వారానికోసారి బిందెడు నీళ్ళు పొయ్యమని మీ అమ్మకు చెప్పు.

వోల్టేజీ ఇంకో తలనొప్పి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక రాత్రి మోటార్ల బాధ తగ్గిన మాట నిజమే. అయినా ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ఇంట్లో బల్బు ఇప్పటికీ వణుకుతుంది. అది ఓర్చుకోవచ్చు. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే మాత్రం 230 ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. ప్రొజెక్టర్ వెనక సాధారణంగా 100 నుంచి 240 అని రాసి ఉంటుంది. అది దాటితే పవర్ బోర్డు పోయినట్టే. ఎక్కువ వోల్టేజీ రాగానే లైన్ కట్ చేసే కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ పెట్టు. ఉరుము వినపడితే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి, డిష్ నుంచి వచ్చే కేబుల్ కూడా విప్పాలి.

ఆఫీసు ప్రొజెక్టర్ అంటున్నావు గనక అది ల్యాంపుదే అయి ఉంటుంది. ఆ ల్యాంపు లోపలి చిన్న గాజుబుడ్డిలో పాదరసం ఆవిరి ఉంటుంది. వెలిగినప్పుడు దాని ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు. అంత వేడిని ఫ్యానే తోడేస్తుంది. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. అలా పదేపదే జరిగితే ల్యాంపు అర్ధాయుష్షే. అందుకని యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోగానే రిమోట్‌తో ఆపి, ఫ్యాన్ తనంతట తాను ఆగేదాకా ప్లగ్గు పీకకుండా ఉంచాలి. ఆ నాలుగైదు నిమిషాల కోసమే యూపీఎస్. మీ ఇంట్లో ఉన్న పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్‌కు దీన్ని తగిలించొద్దు. కొత్త ల్యాంపు గాజును వట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి చిట్లుతుంది. ఎప్పుడైనా లోపల ఠప్పుమని పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపించి, గాలి ఆడేదాకా గదిలోకి పోవద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. మీది పత్తి ఇల్లు. దసరా దాటిందంటే ఏరిన పత్తి ముందటి అర్రలో కుప్ప పడుతుంది. ధర పెరుగుతుందేమోనని మీ నాన్న సంక్రాంతి దాకా దాన్ని కదలనివ్వడు. ఆ నూగు కంటికి కనిపించదు గానీ ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది. ప్రొజెక్టర్ ఫ్యాన్ దాన్ని నడిచినంతసేపూ పీలుస్తుంది. పత్తి ఉన్న ఇంట్లో ఒక్క సీజన్ నడిచిన మెషీన్ ఫిల్టర్ బయటికి లాగి చూస్తే జాలీ కనపడదు. దాని మీద బూడిదరంగు కంబళి పరిచినట్టు నూగు పేరుకుని, మధ్యలో గింజ పొట్టు, దోమ రెక్కలు ఇరుక్కుని ఉంటాయి. గాలి ఆడక లోపల ఉడికిపోతుంది. ఎల్‌సీడీ రకమైతే నీలం వెలుగు దారిలో ఉండే పలక ముందు మాడుతుంది, బొమ్మ పసుపెక్కుతుంది. డీఎల్‌పీ రకమైతే లోపలి చిప్ మీద లక్షల కొద్దీ అద్దాలుంటాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన చిప్ అది. ఆ చిప్‌కు పోయే వెలుగు దారిలో దుమ్ము చేరితే తెర మీద మసకమచ్చ పడి, ఎక్కడికీ కదలదు.

అందుకే ప్రొజెక్టర్‌ను పత్తి ఉన్న అర్ర వైపు పెట్టొద్దు, లోపలి హాల్లో బిగిద్దాం. పత్తి ఉన్నన్నాళ్ళు పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి ఫిల్టర్ తీసి మెత్తటి బ్రష్‌తో దులుపు. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పు, కానీ పూర్తిగా చల్లారాకే. వైశాఖంలో మన దగ్గర ఎండ 45 దాకా పోతుంది. చాలా ప్రొజెక్టర్లను 40 డిగ్రీల లోపు గదికే తయారు చేస్తారు. ఆ ఎండల్లో పగలు సినిమా వద్దు, స్లాబ్ చల్లబడ్డాక చూడండి.

లెన్స్‌ను మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడువు. బోరు నీళ్ళు అస్సలు వద్దు. గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి పెచ్చు చూశావుగా, లెన్స్ మీదా ఆ ఉప్పు మరకలే పడతాయి.

కొలత సులువు. వంద అంగుళాల బొమ్మ వెడల్పు సుమారు ఏడుంపావు అడుగులు. ప్రొజెక్టర్ పుస్తకంలో త్రో రేషియో 1.5 అని ఉంటే గోడకు పదకొండు అడుగుల దూరంలో పెట్టాలి. గోడకు సూటిగా బిగించు. వంకరగా పెట్టి కీస్టోన్‌తో సరిచేస్తే బొమ్మ పదును పోతుంది. గోడకున్న నీలం రంగు మీద మెరుపు లేని తెల్ల రంగు వేయిద్దాం.

ఇంకొక్క మాట. ఎవరో పాత వెనక-తెర ప్రొజెక్షన్ టీవీ ఊరికే ఇస్తామన్నారని చెప్పావు. వద్దను. మిత్సుబిషి 2012 చివర్లో ఆపేశాక వాటిని చేసే పెద్ద కంపెనీ మిగల్లేదు. అంత బరువు మోసి తెచ్చినా విడిభాగం దొరకదు.

ఆఫీసు ప్రొజెక్టర్ తీసుకునే ముందు మెనూలో ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందో చూడు. మూడు వేలు దాటి ఉంటే కొత్త ల్యాంపు ఖర్చు ఎలాగూ తప్పదు, కోఠి గుజరాతీ గల్లీలో ఆ మోడల్ ల్యాంపు దొరుకుతుందో, ఎంతవుతుందో కనుక్కున్నాకే డబ్బు కట్టు. మోడల్ నంబరు నాకు ఫోన్ చేసి చెప్పు. ఏ రోజు వస్తున్నావో కూడా చెప్పు, ఎర్తు గుంత అంతకు ముందే తవ్విస్తా.

ఇట్లు,
నీ మేనమామ