తాటి దోనె తొలవాలంటే

మాది కొల్లేటి లంక గ్రామం. మా నాన్న, పెదనాన్నలు తాటి దోనెలు తొలిచేవాళ్లు. నేను చదువుకుని బడిపంతుల్నయ్యాను, సెలవుల్లో మాత్రం కర్ర చెక్కే బాడిస పట్టేవాణ్ని. ఉద్యోగం విరమించాక మళ్లీ ఆ పనిలోకే వచ్చి ఊళ్లో పిల్లలకు నేర్పుతున్నాను. దోనె ఎరగనివాళ్ల కోసం ఒక్క మాట. ఒకే తాటిమానును తొలిచి చేసే సన్నటి పడవ ఇది. లోతు తక్కువైన కొల్లేట్లో, కిక్కిస పొదల మధ్య నుంచి ఒక మనిషి గెడ వేసుకుంటూ పోవడానికి దీన్ని మించింది నేను చూడలేదు. రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో బిగించి కడితే సంగడి. ధాన్యం బస్తాలు, పశువుల మేత, పెళ్లివారు, అందరూ సంగడి మీదే దాటేవాళ్లు. పిల్లలకు నేను పదే పదే చెప్పేవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు టెంకలు పాతాలి.

తాటిచెట్టు కాపుకి రావడానికే పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. దోనెకు పనికొచ్చేంత చేవ పట్టాలంటే ఒక తరం దాటాలి. నరికిన మోడు నుంచి వేపకు చిగురొస్తుంది, తాటికి రాదు. దానికున్నది ఒక్కటే మొవ్వు. మా వైపు గట్ల మీద నిలబడ్డ పాత తాళ్లు ఎన్నో ఇటుక బట్టీల పాలయ్యాయి. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా బాడిస ముట్టుకునే ముందు టెంకలు పాతిస్తాను. చెట్టు ఎక్కడ నిలవాలో అక్కడే పాతాలి, మొక్కను పెరికి ఇంకోచోట పెడితే బతకడం కష్టం. టెంక నుంచి మొదట తేగ భూమిలోకి దిగుతుంది. తేగల కోసం తవ్వే చేతుల్ని ఎవరూ ఆపలేరు, నాకూ తేగలంటే ఇష్టమే. కాబట్టి తేగల పాతర వేరుగా, చెట్టు గుంటలు వేరుగా గుర్తులు పెట్టిస్తాను. ఆ చెట్లతో దోనె చేసేది తమ పిల్లలో మనవలో అని పాతేవాళ్లకు తెలుసు.

హవాయి దీవుల వాళ్లకు ఇదే కష్టం వచ్చింది. 1990ల మొదట్లో హవాయిలోఆ అనే సముద్రపు పడవను పాత పద్ధతిలో, చెట్టు మాను తొలిచి చెయ్యాలనుకున్నారు. దానికి సరిపోయేంత పెద్ద కోవా చెట్లు తమ అడవుల్లో వెతికి వెతికి కూడా దొరకలేదు. చివరికి అలాస్కాలోని ట్లింగిట్, హైడా, త్సింషియన్ జాతుల వాళ్లు తమ అడవి నుంచి రెండు మహా స్ప్రూస్ చెట్లు ఇస్తే, 1993లో ఆ పడవ నీళ్లలోకి దిగింది. చేసే చేతులున్నాయి, పట్టుదల ఉంది, మాను లేదు. ఈ సంగతి చదివాక మా ఊరి గట్ల మీద తాళ్లను వేరే కళ్లతో చూస్తున్నాను.

2. వేళ్లతో సహా పడగొట్టాలి.

నడుము ఎత్తున రంపం పెట్టి కోసిన తాడి దూలానికి పనికొస్తుంది, దోనెకు పనికిరాదు. మొదట్లో వేళ్ల దగ్గర ఉబ్బిన ముద్ద ఉంటుందే, అదే దోనెకు ఒక కొస. అటువైపు నీళ్లు రాకుండా ఆపేది అదే. చుట్టూ మట్టి తవ్వి, వేళ్లు నరికి, మోకులు కట్టి లాగి పడెయ్యాలి. రెండో కొస కోసిన చోట తెరుచుకుని ఉంటుంది, అక్కడ పలక బిగించి బంకమట్టి మెత్తుతాం. మాను పడేచోట గడ్డి దట్టంగా పరవండి. గట్టినేల మీద పడ్డ మాను పైకి బాగానే కనిపిస్తుంది, అంతా తొలిచాక పగులు బయటపడుతుంది.

3. గెడ వేయడం రానివాళ్ల చేతికి బాడిస ఇవ్వను.

దోనెలో నిలబడి గాలికి ఎదురుపోయిన మనిషికి పాదాలు ఎక్కడ ఆనతాయో, అంచు ఎంత ఎత్తుండాలో ఒంటికి తెలుస్తుంది. ఆ తెలివి మాటలతో చెబితే రాదు.

4. చెవితో తొలవాలి.

చాలా మానులకు చేవ నడిమిలో ఉంటుంది. తాటికి బయట ఉంటుంది. నల్లటి గట్టి నారపోగులు పైపొర పక్కన దట్టంగా, నడిమికి పోయేకొద్దీ పలచగా ఉంటాయి. లోపలంతా మెత్తన. దోనె కోసమే పెరిగిన చెట్టా అనిపిస్తుంది నాకు. గొడ్డలితో పైభాగం చెక్కి నోరు తెరిచాక, బాడిసతో మెత్తన తీస్తూ పోవాలి. మెత్తనలో దెబ్బ మొద్దుగా పడుతుంది. చేవ దగ్గరికి వచ్చేసరికి టక్కుమంటుంది, మణికట్టు అదురుతుంది, కర్ర రంగు ముదురుతుంది. మెత్తన ఎక్కడ మిగిలిపోయినా అక్కడ నీరు పీల్చి కుళ్లు మొదలవుతుంది. చేవలోకి మరీ దిగితే గోడ పలచబడుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే మొత్తం విద్య.

పిల్లలు మొదట్లో కంటిని నమ్ముతారు. "తాతా, ఇంకెంత తియ్యాలి?" అని అడుగుతారు. కళ్లు మూసుకుని బయటి నుంచి వేళ్ల కణుపులతో కొట్టమంటాను. "ఇక్కడ కొట్టు. ఇప్పుడు జానెడు అవతల కొట్టు. రెండూ ఒకేలా పలికాయా? అయితే ఆ చోటు వదిలెయ్." కొన్నాళ్లకు అడగడం మానేస్తారు. అప్పుడు నేను కాస్త దూరంగా వెళ్లి కూర్చుంటాను, ఎందుకంటే పెద్దవాడు పక్కనే ఉంటే వాళ్ల చెవి మాను మీద ఉండదు, నా మొహం మీద ఉంటుంది.

పక్కలు పలచన చెయ్యండి, అడుగును మాత్రం మందంగా ఉంచండి. ఆ బరువే దోనెను బోల్తా పడకుండా కాస్తుంది. ఇంకో జాగ్రత్త: తాటిపేడు చేతిలో దిగితే లోపలే విరిగి చీము పడుతుంది. గోనెపట్టా చుట్టుకోండి.

5. నీళ్లకు దారి ఉండాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మా సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. నాలుగైదు దశాబ్దాలుగా చేపల చెరువుల గట్లు ఈ సరస్సును ముక్కలు చేశాయి. గట్టు లేచిన చోట దోనెకు దారి లేదు, దోనెకు దారి లేకపోతే తొలిచేవాడికి పని లేదు. మా విద్య మూలపడింది ప్రధానంగా ఇందువల్లే. 1999లో కొల్లేటిని 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పగలగొట్టారు, తర్వాత మళ్లీ లేచినవీ ఉన్నాయి. చెరువుల మీద బతికే కుటుంబాలు నా చుట్టాల్లోనే ఉన్నాయి, వాళ్ల అన్నం గురించి తేలిగ్గా మాట్లాడను. అయినా పిల్లల్ని తీసుకెళ్లి ఏ ఏరు ఎటు నుంచి వస్తుందో, ఎక్కడ ఆగిపోతోందో చూపిస్తాను. దోనె చెయ్యడం నేర్చుకునేవాళ్లకు అది కూడా పాఠమే.

6. మనవాళ్లకే చెబుతామని పట్టుబట్టకూడదు.

ఇది మన కులం పని, బయటివాళ్లకెందుకన్న మాట మా లంకలోనూ వినిపించింది. అప్పుడు నేను మౌ పియాయిలుగ్ సంగతి చెబుతాను. ఆయనది పసిఫిక్ సముద్రంలో సతవాల్ అనే చిన్న దీవి. నక్షత్రాలు, అలల తీరు చూసి పడవ నడిపే విద్య తాత దగ్గర, తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. 1976లో హవాయి వాళ్లు హోకులెఅ అనే జంట పడవలో తాహితీకి బయల్దేరాలనుకుంటే, ఆ విద్య తెలిసినవాళ్లు వాళ్లలో మిగల్లేదు. మౌ వచ్చి ఏ పరికరమూ లేకుండా దారి చూపాడు. తర్వాత నైనోవా థాంప్సన్ అనే హవాయి యువకుడికి నేర్పాడు, 1980లో ఆ యువకుడు తానే దారి చూసుకుని తాహితీకి వెళ్లొచ్చాడు. ఇళ్లల్లో దాచుకునే విద్యను పరాయివాళ్లకు ఇచ్చాడని మౌను సొంతవాళ్లే కొందరు తప్పుపట్టారు. తన దీవి పిల్లలే ఆ విద్యను వదిలేస్తున్నారన్నది ఆయన దిగులు. 2007లో హవాయి వాళ్లు కృతజ్ఞతగా ఒక పడవ కట్టి, నడుపుకుంటూ తీసుకెళ్లి సతవాల్‌లో ఆయనకు అప్పగించారు. బయటికి ఇచ్చిన విద్య అలా ఇంటికి తిరిగొచ్చింది.

నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో చెయ్యి బాగా తిరిగింది ఒక అమ్మాయికి. వాళ్లింట్లో ఎవరూ చేపలు పట్టరు.

7. కొలతలు రాసుకోండి.

మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లోనే ఈ దేశపు పడవల తీరుతెన్నుల మీద పుస్తకం ప్రచురించాడు. ఊరూరా తిరిగి మన పడవల గురించి ఆయన రాశాడు, మనం రాసుకోలేదు. మా పిల్లలు ప్రతి దోనెకూ పొడవు, గోడ మందం, మాను ఏ గట్టుదో నోటుపుస్తకంలో ఎక్కిస్తారు.

8. దోనెకు పని చూపించాకే మాను తేవాలి.

ప్రదర్శనకు పెడతాం, ఒకటి చేసివ్వండని అడిగేవాళ్లున్నారు. గౌరవంగానే వద్దంటాను. గోడకు ఆనించిన దోనె ఎండకు ఎండి చీలుతుంది. వాడేవాళ్లు కుదిరితేనే మేం చెట్టు కోసం బయల్దేరతాం. చేపల చెరువుల్లో తవుడు సంచులు కర్రలకు కట్టేవాళ్లు తీసుకున్నారు, వలలు వేసేవాళ్లు తీసుకున్నారు. ఆటపాకకు పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లను చప్పుడు లేని ఈ పడవల్లో తిప్పితే బాగుంటుందని అడుగుతున్నాం. ఫైబర్ పడవతో నాకు పేచీ లేదు, తేలిక, ఎండకు చెడదు. ఇరుకు కిక్కిసలో మాత్రం దోనెదే నడక.

తీసుకునేవాళ్లకు మూడు చెప్పి పంపిస్తాను. వాన్లు పడకముందే కొసన మట్టి మార్చండి. వాడని రోజుల్లో నీళ్లు నింపి మడుగులో ముంచి ఉంచండి. పేడు లేచిన చోట వెంటనే చెక్కెయ్యండి. మరమ్మతు పడితే కబురు పెట్టండి, పిల్లలు వస్తారు. ఆ రోజు కూలి మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి, నాకు పంపకండి.