బెల్లం చివర్లో

సాయంత్రం ఏడు దాటాక ఇంటికొచ్చిన మనిషికి ఏం వండాలో ఆలోచించే ఓపిక ఉండదు. కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లను అడిగి చూడండి. వంట రాక కాదు వాళ్లు పరోటా పార్సిల్ కట్టించుకునేది. "ఈ పూట ఏం చేద్దాం" అన్న ప్రశ్నకు జవాబు వెతికే శక్తి తిరుగు రైలు బంగారుపేట దాటేసరికే అయిపోతుంది.

కాబట్టి బుధవారం రాత్రి మీద ఆశ పెట్టుకోకండి. ఆలోచించే పని ఆదివారమే ముగించేయండి. బుధవారానికి పొయ్యి వెలిగించడం ఒక్కటే మిగలాలి. ఇది చెప్పడానికి పాకం పూసి కాల్చిన చేపను మించిన పాఠం నాకు తెలియదు. గురువులు వద్దంటూ 1929లో తన కోసం ఏర్పాటైన సంఘాన్నే రద్దు చేసిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మన మదనపల్లెలోనే. అలాంటి ఊరివాళ్లకు వ్యక్తిత్వ వికాసం బోధించాలంటే కాస్త జంకు ఉండాల్సిందే. అందుకే చేప దగ్గరే ఉంటాను.

ముందు పాకం. దానికి కావలసినవన్నీ మన చుట్టుపక్కలే ఉన్నాయి. మదనపల్లె టమాటా సంగతి చెప్పక్కర్లేదు. 2023 జూలైలో కిలో రెండొందల దాకా ఎగబాకింది, ఇంకో కాలంలో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. చవగ్గా దొరికిన ఆదివారం చూసుకుని అరకిలో తెచ్చుకోండి. పుంగనూరు వైపు చింతపండు నిమ్మకాయంత, చిత్తూరు బెల్లం చిన్న గడ్డ, ఆరేడు ఎండుమిరపకాయలు, పది వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర, కాసిని మిరియాలు. టమాటాలు, మిరపకాయలు ఉడికించి, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలతో మెత్తగా రుబ్బి వడగట్టండి. చింతపండు పులుసు, బెల్లం, ఉప్పు కలిపి సన్న సెగ మీద దగ్గరికి రానివ్వండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే అది వెంటనే పూడుకోకూడదు. అప్పుడు దించాలి. స్టీలు గిన్నే వాడండి, పులుపుకు అల్యూమినియం పనికిరాదు. చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం పాటు మీ చేతికింద ఉంటుంది. ఊరిబిండి నూరుకునే ఇళ్లలో ఈ రుచి కొత్తేమీ కాదు. కొత్తగా ఉండేది దీని మెరుపే.

ఇక చేప. ఒకప్పుడు మన వైపు చెరువు నిండిన ఏడే చేపల మాట. ఇప్పుడు వారం మధ్యలోనూ రోహు, బొచ్చె దొరుకుతున్నాయంటే దాని వెనక ఒక తేదీ ఉంది. ఈ జాతులు పారే నదిలో తప్ప చెరువు నీళ్లలో గుడ్లు పెట్టవు. పిల్లల్ని నదుల్లో పట్టి తేవాల్సి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి బృందం పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి వాటి చేత గుడ్లు పెట్టించింది. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. అయినా బుధవారానికి నా ఓటు జిలేబీ చేపకే. మూడు నాలుగొందల గ్రాములది పెనం మీద సరిగ్గా పడుతుంది, ముళ్లు తక్కువ. రోహులో చీలిన ముళ్లు ఏరుకుంటూ తినడం తీరిక ఉన్నవాళ్ల భోగం.

కొట్టు దగ్గర మాట స్పష్టంగా ఉండాలి.

"అక్కా, ముక్కలు కొట్టల్నా?"

"వద్దన్నా. పొలుసు తీసి, కడుపు కడిగి అట్లే ఇయ్యి. తోలు మాత్రం తీయొద్దు."

మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే సొట్ట పడకుండా కండ తిరిగి లేస్తోందా అని చూశాకే సంచి తెరవండి. ఈ రెండూ చూడటానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. డబ్బిచ్చి కొనే చోట అడగలేని మనిషి ఆఫీసులో జీతం పెంచమని ఎలా అడుగుతాడు?

ఇంటికి రాగానే సంగటికి ఎసరు పెట్టేయండి. ఎక్కువసేపు పట్టే పనికి ముందు పొయ్యి దక్కాలి. చేపను ఉప్పు, పసుపుతో రుద్ది పలచటి చింతపండు నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. చెరువు చేపకు మట్టి వాసన తెచ్చే జియోస్మిన్ అనే పదార్థం పులుపు తగిలితే విరుగుతుంది, నీచు కూడా తగ్గుతుంది. మరీ ఎక్కువసేపు నానితే కండ పిండిపిండిగా అయిపోతుంది. తీసి, కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి అనేది లేకుండా ఒత్తండి. ఈ ఒక్క మెట్టు ఎగ్గొట్టినవాళ్లే పెనానికి అంటుకుపోయిందని గొడవ పెడతారు. అటు మూడు, ఇటు మూడు గాట్లు పెట్టి చెనిక్కాయ నూనె పట్టించండి.

దోసె పెనం బాగా కాలాక చేపను పడుకోబెట్టి చేతులు కట్టుకోండి. కష్టమంతా ఇక్కడే. అర నిమిషానికోసారి కదిపి చూడాలనిపిస్తుంది. కదపొద్దు. తోలు గట్టిపడేదాకా అది పెనాన్ని పట్టుకునే ఉంటుంది, గట్టిపడగానే తనే వదిలేస్తుంది. అట్లకాడ అంచున పెట్టి చూడండి, మొరాయిస్తే ఇంకో నిమిషం ఆగండి. అంగుళం మందానికి మొత్తం పది నిమిషాలన్నది కెనడా మత్స్యశాఖ ప్రచారం చేసిన పాత లెక్క, మన పెనానికీ పనికొస్తుంది. వెన్నుముల్లు దగ్గర చాకు మొనతో విప్పి చూస్తే కండ గాజులా కాకుండా తెల్లగా, పొరలుపొరలుగా విడిపోవాలి.

పాకం పూయాల్సింది అప్పుడు, చివరి రెండు నిమిషాల్లో. చేప లోపల 63 డిగ్రీల వేడి తగిలితే చాలు, ఉడికినట్టే. కాలిన పెనం మాత్రం 200 దాటుతుంది. తీపి 160, 170 దగ్గరే ఎర్రబడి, ఆపైన మాడి చేదెక్కుతుంది. ముందే పూస్తే పైన బొగ్గు, లోపల పచ్చి. ప్రాజెక్టు రిపోర్టులో ఒక్క పేజీ రాయకముందే అట్టకు రంగులు ఎంచే ఉద్యోగి సంగతీ ఇంతే. మంట తగ్గించి, కరివేపాకు రెమ్మనే కుంచెగా పట్టుకుని పలచగా ఒక పూత. తిప్పి ఇంకో పూత. బుడగలు లేచి నిగనిగలాడగానే దించేయండి. బొగ్గుల వాసన కావాలనుకుంటే పుల్కాలు కాల్చే జాలీ మీద చివరి అర నిమిషం నేరుగా మంట చూపించండి.

ఇదేదో మన వైపు వింత అనుకోకండి. బాగ్దాద్‌లో టైగ్రిస్ ఒడ్డున మస్గూఫ్ కాలుస్తారు. మన రోహు, బొచ్చెల కుటుంబానికే చెందిన చేపను వీపు వైపు చీల్చి, ఉప్పు, పసుపు, చింతపండు పట్టించి కట్టెల మంట పక్కన నిలబెడతారు. గంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. మంటకు దూరంగా ఉంచారు కాబట్టి ముందే పూసినా చెల్లింది. మన దగ్గర ఉన్నది పావుగంట, కాబట్టి మన పద్ధతి వేరు.

మగవాళ్లకు ఒక మాట. ఆదివారం స్నేహితులొస్తే బొగ్గుల ముందు నిలబడి ఫొటో దిగడానికి అందరూ సిద్ధమే. బుధవారం రాత్రి ఎనిమిదింటికి చేప కడిగి, తిన్నాక ఆ పెనం తోమి, నీచు గుడ్డ ఉతికి ఆరేసేవాడెవరో చూస్తే ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది. రైలు దిగి అలసిపోయి వచ్చేది ఇద్దరూ అయినప్పుడు, పెనం ఒకరిదే ఎలా అవుతుంది? సీసా నింపినవాళ్లు ఒకరైతే కాల్చేవాళ్లు ఇంకొకరు కావాలి. పద్నాలుగేళ్ల పిల్లవాడికి కూడా అప్పగించదగ్గ పని ఇది, కదపకుండా ఉండే పరీక్ష ముఖ్యంగా.

చిన్నపిల్లలుంటే ముళ్లు తీసి సంగటి ముద్ద పక్కన పెట్టండి. సీసాలో మిగిలిన పాకం శుక్రవారం చీల్చి వేయించిన వంకాయలకో, ఉడికించిన గుడ్లకో పట్టించండి. తడి చెంచా మాత్రం అందులో ముంచొద్దు, బూజు పడుతుంది.