క్యాంపు గేటు దాటే ముందు

గల్ఫ్‌కు పోయే తమ్ముళ్లను సాగనంపేటప్పుడు ఊళ్లో అందరూ డ్యూటీ గురించే జాగ్రత్తలు చెబుతారు. నాకు వాళ్ల డ్యూటీ గురించి అంత రంది లేదు. సైటు మీద ఫోర్‌మన్ కళ్ల ముందే ఉంటాడు, తలకు హెల్మెట్ ఉంటుంది, పొద్దున ఎక్కించుకున్న బస్సే సాయంత్రం తెచ్చి దింపుతుంది. నా రంది అంతా వారానికి ఒక్కసారి వచ్చే సెలవు రోజు గురించే. ఆ రోజు గేటు దాటాక మంచీచెడూ చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నేను అక్కడ ఉన్న ఏళ్లలో మనవాళ్లకు జరిగిన అనర్థాల్లో చాలావాటికి ఆ రోజే ముహూర్తమైంది. అందుకే ఈ నాలుగు మాటలు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ పల్లెల నుంచి పోయినవాడు దిగేది పట్నంలో కాదు, క్యాంపులో. దుబాయిలో సోనాపూర్, అబుదాబిలో ముసఫా, దోహాలో ఇండస్ట్రియల్ ఏరియా. చుట్టూ గోడ, ఒకటే గేటు, సెక్యూరిటీ గదిలో రిజిస్టరు. ఖతర్‌లోని రాస్ లఫాన్ లాంటి గ్యాస్ ప్లాంట్ల వైపు పనికి పోతే కాపలా ఇంకా గట్టిగా ఉంటుంది. పాస్ లేకుండా అడుగు పడదు. ఆ కాపలా చూసి లోపల భద్రం, బయట భయం అనుకుంటారు కొత్తవాళ్లు. రెండూ సగమే నిజం.

నా మొదటి సెలవు నాడు బజారు చూడటానికి పోయి, ఇంటికి మాట్లాడే ఫోన్ కార్డు కొనుక్కుని, చీకటి పడ్డాక నడుచుకుంటూ తిరిగి వచ్చాను. వరసగా నాలుగు క్యాంపులు. నాలుగింటికీ ఒకే రకం ఇనుప గేటు, ఒకే బూడిద రంగు గోడ. మా క్యాంపు పేరు నాకు తెలియదు, పొద్దున ఎక్కే బస్సు నంబరు ఒక్కటే తెలుసు. బతాకా, అంటే గుర్తింపు కార్డు, పరుపు కింద పెట్టి వచ్చాను. మూడో గేటు దగ్గర నేపాలీ కాపలాదారు నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, చొక్కా మీది కంపెనీ గుర్తు చూసి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. రాత్రి 11 గంటలకు మా ఫోర్‌మన్ వచ్చి తీసుకుపోయాడు. ఆ మనిషి కాకుండా పోలీసు ఎదురై ఉంటే నా కథ వేరేగా ఉండేది.

కాబట్టి తమ్ముడూ, దిగిన మొదటి రోజే గేటు మీది బోర్డును అరబీ అక్షరాలతో సహా ఫొటో తీసుకో. లొకేషన్ ఇద్దరు దోస్తులకు పంపించు. క్యాంపు పేరు, గది నంబరు, ఒక ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు ఆ కాగితమే నీ దారి. బతాకా అయినా, సౌదీలో ఇచ్చే నివాస కార్డు అకామా అయినా, ఒంటి మీద లేకుండా గేటు దాటొద్దు.

ఇదంతా విని, గదిలోనే పడుకోవడం మేలనుకుంటావేమో. అది తప్పు. సెలవు రోజంతా పైమంచం మీద ఫోన్ చూసుకుంటూ గడిపినవాళ్లను నేను చూశాను. మొదట మాట తగ్గుతుంది, తర్వాత తిండి తగ్గుతుంది, ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేయడం తగ్గుతుంది. అలాంటి తమ్ముడు నీ గదిలో ఉంటే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపో. తెల్లవారుజామున క్యాంపు పక్క ఖాళీ జాగలో క్రికెట్ ఆడేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. దోహాలో ఏషియన్ టౌన్ దగ్గర కార్మికులున్న చోటే పెద్ద క్రికెట్ స్టేడియం కట్టారు. దసరా ముందర తెలంగాణ సంఘాలు బతుకమ్మ ఆడిస్తాయి. అక్కడ మన మాట చెవిన పడితేనే సగం బెంగ తీరుతుంది. బయటికి పోవాల్సిందే. ఎట్లా పోవాలన్నదే తెలుసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఎండ. ఆదిలాబాద్‌లో, రామగుండంలో 45 డిగ్రీలు చూసినవాళ్లం, ఈ ఎండ మమ్మల్నేం చేస్తుందంటారు మనవాళ్లు. మన ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఆగస్టులో సముద్రం ఒడ్డున గాలిలో తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు, వేడి ఒంట్లోనే నిలుస్తుంది. 40 డిగ్రీలే కదా అని ఆడుతూ ఆడుతూ కూలబడేది అందుకే. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రెండు నెలలు ఇంటికొచ్చి తిరిగి పోతే ఆ అలవాటు పోయి ఉంటుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు. సెలవు నుంచి వచ్చిన మొదటి వారం పాత పోకడతో రెండు గంటలు బ్యాటు పట్టొద్దు.

ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్నది చట్టం. సౌదీలో అవే తేదీలు, 12 నుంచి 3. ఖతర్‌లో జూన్ 1 నుంచే మొదలు, పొద్దున 10 నుంచి 3:30 దాకా. చట్టమే పని ఆపమన్న వేళ ఆట ఎట్లా ఆడతాం? ఆ తేదీలను, వేళలను సెలవు రోజుకు కూడా పాటించు. తెల్లవారక ముందో, పొద్దు గూకినాకో ఆడు. మూత్రం ముదురు పసుపు రంగులోకి వస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. పక్కవాడి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. నీడకు తీసుకుపో, బట్టలు తడుపు, గాలి విసురు, అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యి. ఎమిరేట్స్‌లో 998, సౌదీలో 997, ఖతర్‌లో 999, కువైట్‌లో 112. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు.

రెండోది నీళ్లు. కాకతీయ కాలువలో, ఊరి బావిలో ఈత నేర్చినవాడికి సముద్రం అంటే భయం ఉండదు. బావిలో నీళ్లు నిలిచి ఉంటాయి, కాలువలో నీళ్లు ఒకే దారిన పోతాయి. సముద్రంలో ఒడ్డు నుంచి లోపలికి లాగే పాయ ఒకటి పైకి కనిపించకుండా ఉంటుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకు, బలమంతా అక్కడే అయిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకు ఈదు. పాయ దాటాక తేలిగ్గా బయటపడతావు. గార్డు లేని చోట, ఎర్ర జెండా ఉన్న చోట, చీకటి పడ్డాక దిగనే దిగొద్దు. ఈత రానివాడైతే నీళ్ల అంచునే ఫొటోలు దిగినా ప్రమాదమే. 2022 జులైలో ఒమన్‌లోని సలాలా దగ్గర ముగ్సైల్ తీరంలో కంచె దాటి నిలబడ్డ ఒక భారతీయ కుటుంబాన్ని అల లాగేసుకుంది.

ఒమన్ వాగుల సంగతి మన కడెం వాగు చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే వరద వస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఒమన్‌లో అట్లా వచ్చిన వరదల్లో బడి పిల్లలు కూడా చనిపోయారు. ఎండిన వాగులో వంట పెట్టుకోవడం, పారే వాగులో బండి దింపడం రెండూ వద్దు.

రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. ఎమిరేట్స్‌లో గీతలు లేని చోట రోడ్డు దాటితే జరిమానా 400 దిర్హాములు. 2025లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం, 80 కిలోమీటర్లు, ఆపైన వేగం అనుమతించిన రోడ్డు అట్లా దాటితే జైలు కూడా పడవచ్చు. ఎదురుగా కనిపించే దుకాణానికి రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చినా పో.

సారా సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. గుడుంబా ఎంత మంది కొంప ముంచిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కువైట్‌లో 2025 ఆగస్టులో దొంగచాటుగా కాచిన మందులో మిథనాల్ కలిసి 23 మంది చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఎక్కువ మంది ఆసియా దేశాల నుంచి వచ్చిన మనలాంటి కూలీలే. సౌదీలో, కువైట్‌లో మందు ముట్టడమే నేరం. సెలవు నాడు గదిలోకి సీసా తెచ్చేవాడు ఎంత దగ్గరి దోస్తయినా వద్దను.

క్యాంపు లోపల కూడా ఒక పని ఉంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. మంట పుట్టింది కింద అంతస్తులో కాపలాదారు గదిలో, కరెంటు షార్ట్ వల్ల. పైకి పరిగెత్తినవాళ్లకు మేడ మీది తలుపు తాళం వేసి ఉంది. నీ గది నుంచి రెండో మెట్లదారి ఎటుందో ఇవాళే నడిచి చూడు. తాళం కనిపిస్తే క్యాంపు బాసుకు నలుగురు కలిసి చెప్పండి, ఒక్కడే పోతే ఆ మాట నిలవదు.

ఇరాక్, లిబియా లాంటి దేశాలకు పోయేవాళ్లకు ప్రయాణమే పెద్ద గండం. 2015 జులై 29న లిబియాలో సిర్తే నుంచి ఇంటికని ట్రిపోలీ వైపు బయలుదేరిన నలుగురు భారతీయ అధ్యాపకులను చెక్‌పోస్టు దగ్గర పట్టుకుపోయారు. ఇద్దరు త్వరగానే బయటపడ్డారు. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లు, వాళ్లలో ఒకరిది కరీంనగర్. 2016 సెప్టెంబరులో గానీ విడుదల కాలేదు. అలాంటి చోట ఏ దారి మూసి ఉందో మన రాయబార కార్యాలయాన్ని అడగకుండా బండెక్కొద్దు.

పోయే ముందు ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం చేతికి తీసుకో. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు ఇక్కడ 1800 113 090, దుబాయిలో 800 46342. ఈ రెండు నంబర్లూ నీ ఒక్క ఫోన్‌లోనే పెట్టుకుంటే చాలదు. ఇంట్లో క్యాలెండర్ పక్కన గోడ మీద రాయించి పో. నువ్వు ఫోన్ చేయలేని రోజున చేయాల్సింది అమ్మో, చెల్లెలో.