పిల్లవాణ్ణి పాఠం చెయ్యకు

చీరాల

అమ్మాయీ,

పోస్టింగ్ ఆర్డరు ఫొటో చూశాను. సోషల్ టీచరు ఉద్యోగం, అదీ ఇంటర్ కూడా ఉన్న హైస్కూల్లో. మీ నాన్న ఫోన్లో మురిసిపోతుంటే నాకు నవ్వొచ్చింది. మనింట్లో లెక్కల మాస్టార్ల ముందు సోషల్ వాళ్ళంటే ఎప్పుడూ లోకువే కదా!

నువ్వడిగిన సంగతికొస్తాను. "సామాజిక న్యాయం పాఠం చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉందత్తా" అన్నావు. ఉండనీ. నాకు మొదట్లో ఆ ఇబ్బంది లేకే తప్పు చేశాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. తొమ్మిదో తరగతిలో అంటరానితనం పాఠం. పుస్తకంలోది చదివి ఊరుకోకుండా పిల్లల బతుకుతో ముడిపెట్టాలని బి.ఇడి.లో నేర్పారాయె. మూడో బెంచీ కుర్రాణ్ణి లేపి, "మీ పేటలో ఎలా ఉంటుందో చెప్పు నాన్నా" అన్నాను. ఎంత ప్రేమగా అన్నానో! క్లాసంతా వాడి వైపు తిరిగింది. వాడు బెంచీని గోటితో గీకుతూ నిలబడ్డాడు. అంతకుముందు వాడు కబడ్డీలో రైడరు, లెక్కల్లో ఫస్టు. ఆ పూటతో "ఆ పేట వాడు" అయిపోయాడు. మర్నాడు బడికి రాలేదు. వచ్చాక చివరి బెంచీకి మారాడు, ఏడాదంతా మళ్ళీ చెయ్యెత్తలేదు. తప్పయిందని వాడితో చెప్పడం కూడా నాకప్పుడు చాతకాలేదు.

అందుకే చెబుతున్నాను, దెబ్బ తిన్న పిల్లవాణ్ణే పాఠం చెయ్యకు. దెబ్బ ఎలా పడుతుందో చూపించు.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు పైకి చదివించు. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, దుకాణాలు, హోటళ్ళు. ఇంత పెద్ద దేశపు రాజ్యాంగంలో స్నానఘట్టాలకేం పని అని అడుగు. ముందు నవ్వుతారు. అప్పుడు మహద్ కథ ఎత్తుకో. ప్రభుత్వ చెరువులు అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరిచామంది. అంతా కాగితం మీదే. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్ళి దోసెడు నీళ్ళు తాగారు. చెరువు మైలపడిందని పై కులాలవాళ్ళు కుండలకొద్దీ పంచగవ్యం పోసి శుద్ధి చేశారు. హైకోర్టులో తగువు తేలేసరికి 1937. తీర్మానానికీ తీర్పుకీ మధ్య ఎన్నేళ్ళో పిల్లల చేత బోర్డు మీద తీసివేత చేయించు.

అదెక్కడో మహారాష్ట్ర సంగతి అంటారేమో, మన పక్కనే కారంచేడు ఉంది. అక్కడా గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది, తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్న మాట మీద. 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపారు. ఊరొదిలి వచ్చి చీరాల శిబిరంలో తలదాచుకున్నవాళ్ళని బి.ఇడి. చదివే రోజుల్లో నా కళ్ళతో చూశాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1989లో వచ్చింది. ఇది చెప్పేటప్పుడు కులాల పేర్లు దాచకు. కానీ నీ ఎదురుగా కూర్చున్న ఏ పిల్లవాడి ఇంటిపేరుకీ ఆ నెత్తురు పుయ్యకు. మనూరి చెరువుకి మనిల్లు ఏ గట్టున ఉండేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక బడి. మొదటి వారం ఊరికే చూస్తూ ఉండు. గదులు ఊడ్చేదెవరు? స్టాఫ్‌రూమ్‌కి బిందెతో నీళ్ళు తెచ్చేదెవరు? ఆడపిల్లలే అయితే ఉపన్యాసం ఇవ్వకు, రోల్ నంబర్ల వరుసన వంతులు రాసి గోడకి అంటించు. మా వాడి చేత చీపురు పట్టిస్తారా అని ఒకరిద్దరు తండ్రులు తప్పక వస్తారు, హెచ్.ఎం.తో ముందే మాట్లాడిపెట్టుకో. మధ్యాహ్న భోజనం దగ్గర నువ్వూ కంచం పట్టుకుని ఆ వరుసలోనే కూర్చో. వంటవాళ్ళుగా ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వమని 2004లో సుప్రీంకోర్టు ఎందుకు చెప్పాల్సొచ్చిందో తింటూ మాట్లాడుకోవచ్చు. స్కాలర్‌షిప్ ఫారాలప్పుడు "ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి" అనే అలవాటు ఒకటుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే లేపాను, ఆ తర్వాతి పీరియడ్‌లోనే సమానత్వం చెప్పాను! ఫారాలు ఒక్కొక్కరినీ పిలిచి తీసుకో.

ఇంటర్ వాళ్ళు వేరు. "రిజర్వేషన్లు ఇంకెన్నాళ్ళు మేడమ్?" అంటారు. ర్యాంకు బెంగతో అడుగుతారు, కోప్పడకు. వాళ్ళకి ఎస్సీ వర్గీకరణ ఇవ్వు. ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచాలని 1994లో మన ఈదుముడిలో మాదిగ దండోరా మోగింది. వర్గీకరణకు మన రాష్ట్రం చేసిన చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు, ఏడుగురు జడ్జీల ధర్మాసనం, వర్గీకరించుకోవచ్చంది. రెండు తీర్పుల వాదనలూ తేలిక తెలుగులో రెండేసి పేజీలు రాసిపెట్టి, ఎవరు ఏ పక్షమో చీటీలు తియ్యమను. చీటీలో వచ్చిందే వాదిస్తారు కాబట్టి ఎవరూ తమ ఇంటి తరఫున మాట్లాడినట్టుండదు, ఎవరి ముఖమూ ఎవరూ చూడరు. నీ అభిప్రాయం అడిగితే వాదనలన్నీ అయ్యాకే చెప్పు. టీచరు ముందే చెబితే పిల్లలు మార్కుల కోసం దాన్నే అప్పజెబుతారు.

కారంచేడు నాటి పేపరు కటింగులు నా బీరువాలో ఉన్నాయి. దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. మడతల దగ్గర చిరుగుతున్నాయి, జిరాక్సు తీయించే దాకా పిల్లల చేతికివ్వకు. వంతుల కాగితం అంటించిన వారం ఎవరెవరు వచ్చి ఏమన్నారో నాకు రాయి.

నీ మేనత్త